వంటింటి చేతులకు గోళ్ల సంరక్షణ: రంగు వేసే ముందు అది ఎలా వదులుతుందో చూసుకోండి

గోళ్లకు రంగు వేయించుకునేటప్పుడు ఎన్నాళ్లు ఉంటుంది, ఎంత అవుతుంది అని అందరూ అడుగుతారు. ఎలా తీయాలి అని అడిగేవాళ్లు తక్కువ. గోళ్లు పలచబడటానికి, పొరలు లేవడానికి, మధ్యలో చీలడానికి ఎక్కువసార్లు కారణం ఆ తీసే పద్ధతే. దానికి తోడు నీళ్లు. పూటపూటా అంట్లు తోమి, బియ్యం కడిగి, పిండి కలిపి, చేత్తో అన్నం తినే వాళ్లకు ఈ రెండూ తెలిస్తే చాలు, మిగతా నిర్ణయాలు తేలికవుతాయి.

పైకి కనిపించే గోటి పలక కెరటిన్ అనే ప్రోటీన్. దానికి ప్రాణం లేదు. ప్రాణమున్న భాగం చర్మం కింద, గోటి మొదట్లో ఉంటుంది. బొటనవేలి గోటి అడుగున తెల్లగా కనిపించే నెలవంక దాని ముందు అంచు. కొత్త గోరు అక్కడ పుట్టి నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. చేతి గోరు మొత్తం మారడానికి దాదాపు 6 నెలలు, కాలి గోరుకైతే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కాబట్టి ఒకసారి అరగదీసి పలచన చేసిన గోటికి ఏ నూనె రాసినా మందం తిరిగి రాదు. కొత్తది ఎదిగి వచ్చేదాకా ఆగాల్సిందే.

గోరు చర్మం కన్నా చాలా వేగంగా నీళ్లు పీలుస్తుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రోజంతా ఇలా ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటే లోపలి పొరల మధ్య పట్టు సడలి, చివర పూతరేకులా రేకులు రేకులుగా లేస్తుంది. దీన్ని చూసి కాల్షియం మాత్రలు మొదలుపెట్టేవాళ్లు చాలామంది. ముందు చేయాల్సింది తడి తగ్గించడం. గోళ్ల మీద తెల్ల చుక్కలకూ కాల్షియంతో సంబంధం లేదు. అవి చాలావరకు గోటి మొదలుకు తగిలిన చిన్న దెబ్బల గుర్తులు, గోటితో పాటే ముందుకు జరిగి పోతాయి.

గోళ్లు తీసుకోవడం, నున్నగా రాయడం

కత్తిరించడం స్నానం అయ్యాక, ఫైల్‌తో రాయడం పూర్తిగా ఆరాక. ఈ వరస ముఖ్యం. తడిసిన గోరు మెత్తగా ఉంటుంది గనుక కట్టర్ నొక్కినప్పుడు పగులు రాదు. అదే తడి గోటి మీద ఫైల్ పెడితే పొరలు లేస్తాయి. కట్టర్‌తో ఒక్క నొక్కుకు గోరంతా తెంపకండి. ఒక పక్క నుంచి మొదలుపెట్టి చిన్న చిన్నగా మూడు నాలుగు సార్లు నొక్కండి. ఒకేసారి నొక్కితే వంపుగా ఉన్న గోరు బల్లపరుపుగా అణిగి మధ్యలో చీలుతుంది.

కట్టర్‌కే ఉండే ఇనుప ఆకురాయి చాలా గరుకు, పలచని గోళ్లను చీలుస్తుంది. సొంత గోళ్లకు 180 నుంచి 240 గ్రిట్ ఉన్న ఫైల్ తీసుకోండి. గ్రిట్ అంకె పెరిగేకొద్దీ ఫైల్ నునుపు. 80, 100 అంకెలున్నవి అతికించిన ప్లాస్టిక్ గోళ్ల కోసం, వాటిని సొంత గోటి మీద పెట్టకూడదు. గాజు ఫైల్ దొరికితే అది ఇంకా మంచిది: కడిగి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు, అంచు కూడా నున్నగా వస్తుంది. పక్క నుంచి మధ్యకు ఒకే దిశలో రాయండి, రంపం కోసినట్టు ముందుకీ వెనక్కీ ఆడించకండి.

గోరు వేలిని దాటి బయటికి వచ్చే రెండు మూలల దగ్గరే ఎక్కువగా తెగుతుంది. ఆ మూలల్లోకి దిగి ఫైల్ చేస్తే ఆధారం పోయి, తలుపుకు తగిలినా గోరు అడ్డంగా చీలుతుంది. పలచని గోళ్లకు చివర నేరుగా ఉంచి, కొసలు మాత్రం కాస్త గుండ్రంగా చేసిన ఆకారం బాగా నిలుస్తుంది. బాదం గింజలా కోసుగా చేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ పక్కల బలం పోతుంది. పొడవు సంగతి పనిని బట్టి. రోజూ వండి చేత్తో తినేవాళ్లకు తెల్ల అంచు 1 నుంచి 2 మిల్లీమీటర్లు దాటకుండా ఉంటే కింద పిండి, పసుపు ఇరుక్కోవు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల శుభ్రత మార్గదర్శకాలు సొంత గోటి చివర అర సెంటీమీటరు లోపే ఉండాలంటాయి, అతికించే గోళ్లు అసలు వద్దంటాయి. నర్సింగ్ చదివే అమ్మాయిలు గోటి పొడవు పెంచే జెల్ ఎక్స్‌టెన్షన్ పెట్టించుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

గోటి మొదట్లో చర్మాన్ని కోయించుకోవద్దు

పార్లర్‌లో మానిక్యూర్ అంటే చాలాచోట్ల ముందు చేసే పని క్యూటికల్ కోయడం. ఇక్కడ రెండు వేర్వేరు పొరలున్నాయి. ఒకటి గోటి మీద అంటుకుని ఉండే పలచని చచ్చిన చర్మం, దాన్ని తీయొచ్చు. రెండోది దాని వెనక గట్టు కట్టినట్టు ఉండే ప్రాణమున్న చర్మం. అది గోటి కిందికి నీళ్లు, క్రిములు పోకుండా మూసి ఉంచుతుంది. దాన్ని కోస్తే దారి తెరుచుకున్నట్టే. మర్నాడో మూడోనాడో గోటి పక్కన ఎర్రగా వాచి, సలుపుతూ చీము పట్టే గోరుచుట్టు చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది.

స్నానం తర్వాత చేతులు మెత్తగా ఉన్నప్పుడు ఒక చుక్క కొబ్బరినూనె రాసి, రెండు నిమిషాలు ఆగి, కొసకు దూది చుట్టిన చెక్క పుల్లతో గోటి మీది పొరను మెల్లగా వెనక్కి నెట్టండి. నెలవంక మీద బలంగా నొక్కకండి. కింద కొత్త గోరు ఇంకా మెత్తగా ఉంటుంది, అక్కడ పడిన ఒత్తిడి నెలల తర్వాత అడ్డగీతలుగా బయటపడుతుంది. వారానికోసారి చాలు. గోటి పక్కన చర్మం ముల్లులా లేస్తే పంటితో లాగకండి, అది లోపలి మాంసం దాకా చీలిపోతుంది. శుభ్రమైన కట్టర్‌తో మొదట్లో కత్తిరించి వ్యాజిలిన్ రాయండి.

అంట్లు, పసుపు, కారం

గోళ్లకు అన్నిటికన్నా మేలు చేసేది రబ్బరు గ్లోవ్స్, అది కూడా లోపల నూలు గుడ్డ ఉన్నవి. ఒక సైజు వదులుగా తీసుకోండి, బిగుతుగా ఉంటే లోపల చెమట పట్టి గోళ్లు అందులోనే నానతాయి. పని అయ్యాక తిరగేసి ఆరబెట్టండి. స్టీలు పీచుతో గిన్నె మాడు గీకేటప్పుడు గోటితో గీకే అలవాటు ఉంటే మానేయండి. చేతులు కడిగిన ప్రతిసారీ తుడుచుకుని, చేయి ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే వ్యాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ గోటి మొదట్లో, కొస కింద రాస్తే లోపలి తేమ వెంటనే ఆరిపోదు. ప్రతిసారీ కుదరకపోతే రాత్రి పడుకునే ముందు తప్పనిసరి. ఆముదం కూడా పనికొస్తుంది, చిక్కగా ఉండటంతో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇవేవీ గోరును వేగంగా పెంచవు. చేసేదల్లా పెళుసుతనం తగ్గించడం.

పసుపు మరక గురించి దిగులు అక్కర్లేదు. ఉత్త గోటి మీద అయితే సబ్బుతో రెండు మూడు రోజుల్లో పోతుంది, పసుపు రంగు ఎండకు కూడా వెలిసిపోతుంది. నిమ్మచెక్క రుద్దడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. అందులో ఒక జాగ్రత్త ఉంది: నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలోకి వెళితే కొందరికి అక్కడ కాలినట్టు మచ్చలు పడతాయి. రుద్దినా వెంటనే కడిగేయండి.

ఆవకాయ కలిపే రోజుల్లో గోళ్ల కింద చేరిన కారం గంటల తరబడి మండుతుంది. కారానికి మంటనిచ్చే పదార్థం నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు వంటనూనె పట్టించి, గోళ్ల కింద రుద్ది తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టండి. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు లెన్సు తీసే ముందు ఈ పని రెండుసార్లు చేయాలి. కుండీల్లో మట్టి పని చేసేవాళ్లకు ఇంకో ఉపాయం: పనికి ముందు తడి సబ్బు బిళ్లను గోళ్లతో గీకితే కింద సబ్బు నిండిపోయి మట్టి చేరదు, కడిగితే అంతా పోతుంది. గోటి కింద మురికిని పిన్నీసుతో తవ్వడం మాత్రం వద్దు. వేలికి గోరు అతుక్కున్న చోటు ఊడుతుంది, ఆ సందులోకి నీళ్లు దిగి ఇంకా ఊడుతుంది. మెత్తని బ్రష్షు, సబ్బు చాలు.

మామూలు నెయిల్ పాలిష్: సరిగా వేస్తే వారం

గోరింటాకును పక్కన పెడితే, ఇంట్లో వండుకునే చేతులకు మా ఓటు దీనికే. ఒక్కో వేలికి నిమిషంలోపు తీసేయొచ్చు, పెచ్చు లేస్తే ఆ ఒక్క గోటికే మళ్లీ వేసుకోవచ్చు.

రెండు రోజులకే పెచ్చులూడుతోందంటే సాధారణంగా కారణం నీళ్లే. చేతులు నానబెట్టిన వెంటనే రంగు వేస్తే ఉబ్బిన గోరు మీద వేసినట్టు. తర్వాత గోరు ముడుచుకుంటుంది, పైన రంగు పట్టు తప్పుతుంది. అంట్లు తోమడం, స్నానం అయ్యాక కనీసం అరగంట ఆగండి. నూనె జిడ్డు ఉన్నా రంగు పట్టదు గనుక, రిమూవర్‌లో తడిపిన దూదితో ప్రతి గోరునూ ఒకసారి తుడవండి. ముందు బేస్ కోట్, అంటే రంగు కింద వేసే పూత. ముదురు ఎరుపు, మెరూన్ రంగులు నేరుగా వేస్తే గోరు పసుపుపచ్చగా మిగిలేది ఇది లేకనే. ఆ మరకను గీకి తీయబోకండి, గోరు ఎదిగేకొద్దీ పోతుంది.

సీసాను పైకీ కిందికీ ఊపితే గాలి బుడగలు చేరతాయి, అరచేతుల మధ్య దొర్లించండి. కుంచెను సీసా అంచుకు ఒక వైపు తుడిచి, గోటి మధ్యలో ఒక గీత, రెండు పక్కలా చెరో గీత. చర్మానికి వెంట్రుకవాసి దూరం వదలండి, చర్మం మీదికి పోయిన రంగు ఎండాక పెచ్చులా లేచి గోటి మీదిదాన్నీ లాక్కుపోతుంది. చివరగా గోటి కొస అంచు మీద కూడా కుంచెతో ఒకసారి గీయండి. చాలామంది వదిలేసేది ఇదే, ముందు అరిగేదీ ఆ అంచే. పలచగా రెండు పూతలు, మధ్య మధ్య 2 నుంచి 3 నిమిషాలు, పైన టాప్ కోట్. ఫ్యాన్ కింద మందంగా వేస్తే పైపొర ముందు గట్టిపడి, లోపలి ద్రావకం బయటికి రాలేక బుడగలు లేస్తాయి. తాకితే అంటకపోవడానికి పావుగంట చాలు గానీ లోపలిదాకా గట్టిపడటానికి గంటలు పడుతుంది. పడుకునే ముందు వేసుకుంటే తెల్లారేసరికి దుప్పటి నేత అచ్చు పడేది అందుకే.

పాలిష్, రిమూవర్ రెండూ తేలిగ్గా అంటుకుంటాయి. వెలిగే స్టవ్వు, దేవుడి దీపం ఉన్న గదిలో మూత తీయకండి. చిక్కబడిన పాలిష్‌లో రిమూవర్ కలిపితే రంగు విరిగిపోతుంది, నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు చాలు.

తీసేటప్పుడు దూదిని గోటి మీద 10, 15 సెకన్లు ఒత్తి ఉంచి, ఆ తర్వాత కొస వైపుకు లాగండి. మెరుపులున్న పాలిష్ అయితే 5 నిమిషాలు ఒత్తి ఉంచాలి. పెచ్చును గోటితో గిల్లి లాగితే దానితో గోటి పైపొర కూడా వస్తుంది. గోటికి గాలి ఆడాలి అన్న మాటలో నిజం లేదు, దానికి కావలసింది రక్తం నుంచి అందుతుంది. అయితే ఒకదాని మీద ఒకటి వారాల తరబడి రంగు వేస్తూ పోతే పైన తెల్లని గరుకు మచ్చలు వస్తాయి. అప్పుడు కొన్ని వారాలు మానేసి నూనె రాయడమే మందు.

జెల్: అందం రెండు వారాలు, అసలు పరీక్ష తర్వాత

జెల్ గాలికి ఆరదు. ల్యాంప్ వెలుగు పడితే అందులోని రసాయనాలు కలిసి గట్టిపడతాయి, ఎల్‌ఈడీ ల్యాంప్‌లో ఒక్కో పూతకు సాధారణంగా 30 నుంచి 60 సెకన్లు. ఇంట్లో వేసుకునేవాళ్లు ఒక కంపెనీ జెల్‌ను ఇంకో కంపెనీ ల్యాంప్‌లో పెడుతుంటారు. పైన గట్టిగా కనిపించినా లోపల పచ్చిగా మిగిలిపోవచ్చు. ఆ పచ్చి జెల్ చర్మానికి తగలడం వల్లే అలర్జీ వస్తుంది: వేళ్ల కొసలు దురద, పగుళ్లు, కొందరికి కనురెప్పల వాపు. ఇందులోని ఆక్రిలేట్లు అనే రసాయనాల అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అవే పదార్థాలు పళ్లకు వేసే ఫిల్లింగుల్లో, షుగర్ సెన్సార్ల జిగురులో కూడా ఉంటాయి. అందుకని పలచగా వేయడం, చర్మానికి అంటితే ల్యాంప్‌లో పెట్టక ముందే తుడవడం తప్పనిసరి. ల్యాంప్‌లో చురుక్కుమంటే చేయి తీసేయండి, ఓర్చుకోవద్దు. అరగంట ముందు సన్‌స్క్రీన్ రాసుకుంటే, లేదా వేళ్ల కొసలు కత్తిరించిన గ్లోవ్స్ వేసుకుంటే చర్మం మీద పడే అతినీలలోహిత వెలుగు తగ్గుతుంది. జెల్ గట్టిపడటానికి కలిపే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి నిషేధించింది. జర్మనీ, ఐర్లాండ్‌లలో ఉండేవాళ్లు ఇక్కడి నుంచి కిట్లు తీసుకెళ్లేటప్పుడు డబ్బా మీద చూసుకోండి.

లేత రంగు జెల్ మీద పసుపు బాగా పట్టేస్తుంది. వంట అయిన వెంటనే స్పిరిట్ దూదితో తుడిస్తే కొంత పోతుంది. రోజూ పులుసు, పప్పు కలిపే చేతులకు తెలుపు, లేత గులాబీ కన్నా ముదురు రంగులే నయం.

తీయడం ఇలా:

1. మెరిసే పైపొరను 180 గ్రిట్ ఫైల్‌తో గరుకుగా చేయండి. మెరుపు పోతే ఆపేయండి, గోటి దాకా వెళ్లొద్దు. ఇది చేయకపోతే అసిటోన్ (జెల్‌ను వదులు చేసే ద్రావకం) లోపలికి దిగదు.
2. గోటి చుట్టూ చర్మానికి వ్యాజిలిన్ రాయండి.
3. గోరంత దూది ముక్కను అసిటోన్‌లో తడిపి గోటి మీద పెట్టి, అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. కిటికీ తెరిచి ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.
4. 10 నుంచి 15 నిమిషాల తర్వాత ఒక్క వేలు విప్పి చూడండి. జెల్ ముడతలు పడి లేచి ఉంటే చెక్క పుల్లతో నెట్టండి.
5. రాకపోతే మళ్లీ తడిపి ఇంకో 5 నిమిషాలు చుట్టండి. ఇనుప పరికరంతో పెకలించడం గోరును పలచన చేసే మొదటి కారణం.

తర్వాత చేతులు కడిగి నూనె రాయండి. పార్లర్‌లో ఎవరైనా నానబెట్టకుండా గీకడం మొదలుపెడితే ఆపమని చెప్పండి. అందుకు మొహమాటం అక్కర్లేదు.

అతికించే గోళ్లు, ఎక్స్‌టెన్షన్లు

ఒకటి రెండు రోజుల వేడుకకు స్టిక్కర్‌తో అంటుకునే గోళ్లు సరిపోతాయి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కాస్త నూనె వేసి పావుగంట నానబెడితే పక్క నుంచి లేస్తాయి. జిగురు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: నెయిల్ గ్లూ నూలు బట్ట మీద, దూది మీద ఒలికితే ఒక్కసారిగా వేడెక్కి కాలుస్తుంది. ఒళ్లో నూలు చీర కుచ్చిళ్లు పెట్టుకుని ఈ పని చేయకండి.

ఆక్రిలిక్ ఎక్స్‌టెన్షన్ గట్టిది. ఆ గట్టిదనమే ప్రమాదం, ఏదైనా తగిలితే అది విరగకుండా కింద సొంత గోరును వేలి నుంచి లేపుతుంది. ఎంఎంఏ అనే చవక ద్రవం వాడినవి మరీ మొండివి, అసిటోన్‌కు కూడా త్వరగా కరగవు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1970లలోనే అలాంటి వాటిపై చర్య తీసుకుంది. దాని బదులు ఈఎంఏ అనే ద్రవం వాడుతున్నారా అని అడగండి. అంచు లేచి కింద నీళ్లు చేరితే గోరు ఆకుపచ్చగా మారుతుంది, అది బ్యాక్టీరియా. పైన ఇంకో పూత వేసి దాచకుండా మొత్తం తీయించి డాక్టరుకు చూపించాలి.

పెళ్లికూతురికైతే గోళ్ల పని ముందు, మెహందీ తర్వాత. మెహందీ అయ్యాక చేతులు నానబెట్టి స్క్రబ్ చేస్తే పండిన రంగు వెలిసిపోతుంది.

గోరింటాకు

తీయాల్సిన పనే లేని రంగు ఇది. ఆకులోని లాసోన్ అనే పదార్థం కెరటిన్‌లోకి ఇంకి దానితోనే ఉండిపోతుంది. అరచేతిలో రెండు వారాల్లో పోయేది గోటి మీద నెలల తరబడి ఉండేది అందుకే, గోరు చర్మంలా పొట్టు రాలదు కదా. ఆషాఢంలో పెట్టుకున్నది దసరా నాటికి సగం గోరు పైకి జరిగి ఉంటుంది. పెచ్చు లేవదు, అన్నంలో కలవదు, పసుపుకు చెడదు. వంటింటి చేతులకు దీన్ని మించిన గోళ్ల రంగు లేదని మా అభిప్రాయం.

తాజా ఆకు రుబ్బి కనీసం మూడు నాలుగు గంటలు ఉంచాలి. పది నిమిషాల్లో నల్లగా పండుతుందనే కోన్ కొనకండి. నలుపు కోసం కొన్నిటిలో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ కలుపుతారు, దానితో బొబ్బలెక్కి మచ్చలు మిగిలిపోవచ్చు. చంటిపిల్లలకు పెట్టేటప్పుడు ఇంకో సంగతి: జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన బిడ్డకు అసలైన గోరింటాకు కూడా ప్రమాదమే, ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నం కావచ్చు. కుటుంబంలో ఆ లోపం ఉంటే పసివాళ్లకు పెట్టొద్దు.

పార్లర్‌లో, డాక్టరు దగ్గర

ఫైల్, బఫర్, చెక్క పుల్ల మీవి మీరే తీసుకెళ్లండి, వాటిని శుభ్రం చేయడం కుదరదు. ఇనుప పరికరాలు ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెట్టినవా అని అడగండి. వేడినీళ్లలో ముంచి తీయడం సరిపోదు, రక్తం అంటిన కట్టర్ ద్వారా హెపటైటిస్ బి, సి పాకే అవకాశం ఉంది.

గోరు చెంచాలా గుంట పడితే రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించండి. సూదితో పొడిచినట్టు గుంటలు ఉంటే సోరియాసిస్ అనే చర్మవ్యాధి కావచ్చు. ఛామనఛాయ, నలుపు ఒంటి రంగువాళ్లకు చాలా గోళ్ల మీద నిలువుగా గోధుమ గీతలు ఉండటం మామూలే. ఒక్క గోటి మీద కొత్తగా వచ్చి, వెడల్పు అవుతూ, మొదట్లో చర్మానికి కూడా నలుపు పాకుతుంటే ఆలస్యం చేయకుండా చర్మ వైద్యుడికి చూపించండి. గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు థైరాయిడ్, గుండె రక్త పరీక్షలకు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, ఫలితాలు తప్పుగా రావచ్చు. ఆపరేషన్ తేదీ ఖాయమైతే ముదురు పాలిష్, జెల్ ముందే తీయించుకోండి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు రీడింగును అవి తారుమారు చేయవచ్చు. గోరింటాకు పండిన గోళ్లయితే మత్తు డాక్టరుకు ముందుగా చెబితే క్లిప్పును చెవి తమ్మెకు పెడతారు.